వాట్సాప్ ఎవరి పక్షం?

(సభకు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసిన పాఠం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వినపడుతోందా? సరే, మొదలెడదాం.

2021లో ఒక మూడు నెలలు గుర్తు చేస్తాను. ఫిబ్రవరి 25న కేంద్ర ప్రభుత్వం కొత్త ఐటీ రూల్స్ తెచ్చింది. అందులో ఒక రూలు ఉంది. దేశంలో 50 లక్షలకు మించి ఖాతాలున్న మెసేజింగ్ యాప్ ఏదైనా సరే, అడిగినప్పుడు ఫలానా మెసేజ్‌ను మొట్టమొదట పంపిందెవరో చెప్పి తీరాలి. సరిగ్గా నెల తిరక్కుండా, మార్చిలో, అదే ప్రభుత్వం ఢిల్లీ హైకోర్టులో అఫిడవిట్ వేసింది. ఫేస్‌బుక్‌తో డేటా పంచుకునే వాట్సాప్ కొత్త పాలసీ జనం ప్రైవసీకి భంగం, దాన్ని ఆపించండి అని. మే 25న వాట్సాప్ అదే హైకోర్టుకు వెళ్ళింది. ప్రభుత్వం తెచ్చిన రూలు జనం ప్రైవసీకి భంగం, దాన్ని కొట్టెయ్యండి అని.

చూశారా? ఇద్దరి నోటా ఒకే మాట. 2017లో సుప్రీంకోర్టులో తొమ్మిది మంది న్యాయమూర్తులు పుట్టస్వామి కేసులో ప్రైవసీ ప్రాథమిక హక్కు అన్నారే, ఇద్దరూ దాన్నే పట్టుకున్నారు. ఇద్దరూ మనల్ని రెండోవాళ్ళ నుంచి కాపాడతామంటున్నారు. మరి ఎవరు నిజం చెప్తున్నారు? నన్నడిగితే ఇద్దరూ నిజమే చెప్తున్నారు, అవతలివాళ్ళ గురించి. తమ గురించి చెప్పుకోవాల్సి వచ్చినప్పుడే తేడా వస్తోంది.

ఈ తేడా ఎక్కడుందో తెలియాలంటే మెసేజ్ ఎలా వెళ్తుందో కాస్త చూడాలి. ఇంజినీర్లు కానివాళ్ళు కంగారుపడకండి, రెండు నిమిషాలే.

2016 ఏప్రిల్ నుంచి వాట్సాప్‌లో మనుషుల మధ్య నడిచే మెసేజ్‌లూ కాల్సూ ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్షన్‌తో వెళ్తున్నాయి. దానికి కావలసిన రహస్య కీలు మీ ఫోన్లో, అవతలివాళ్ళ ఫోన్లో తయారవుతాయి. మీరు టైపు చేసింది మీ ఫోన్లోనే గజిబిజి అయిపోయి బయల్దేరుతుంది. అవతలి ఫోన్లోకి చేరాకే మళ్ళీ తెలుగవుతుంది. మధ్యలో సర్వరు దగ్గరుండేది గజిబిజే. అవతలి ఫోను ఆఫ్‌లో ఉంటే ఆ గజిబిజి 30 రోజుల దాకా సర్వర్లో ఆగి, అప్పటికీ అందకపోతే చెరిగిపోతుంది.

మామూలు ఫోను కాల్ అలా కాదు. అది టెలికాం కంపెనీ మీదుగా వెళ్తుంది. హోం కార్యదర్శి ఉత్తర్వు ఉంటే కంపెనీ దగ్గరే వినొచ్చు. తెలంగాణలో 2024 మార్చిలో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసు మీకందరికీ తెలుసు. అది కోర్టులో ఉంది కాబట్టి అందులో ఎవరు దోషులన్నది నేను మాట్లాడను. కానీ "వాట్సాప్ కాల్ చెయ్యి, ఇందులో వద్దు" అని పెద్దపెద్దవాళ్ళు ఎందుకంటారో మీకిప్పుడు అర్థమై ఉంటుంది. చట్టం రాసేవాళ్ళకూ, చట్టం అమలు చేసేవాళ్ళకూ కూడా ఈ ఎన్‌క్రిప్షన్ కావాలి. ఇది గుర్తుంచుకోండి.

ఇప్పుడు రెండో సగం. గజిబిజి కానిదేమిటి? మీరు ఎవరికి పంపారు, ఎన్నింటికి పంపారు, ఏ ఫోను, ఏ ఐపీ అడ్రసు (నెట్‌లో మీ ఫోనుకుండే చిరునామా), ఏయే గ్రూపుల్లో ఉన్నారు, ఆ గ్రూపు పేరేమిటి, దాని బొమ్మేమిటి, కింద రాసిన వివరణేమిటి. ఇవేవీ ఎన్‌క్రిప్షన్ లోపలికి రావు. దీన్ని మెటాడేటా అంటారు. మాటలు లేకపోతే ఏం తెలుస్తుందిలే అనుకుంటాం. పెళ్ళిలో చదివింపుల పుస్తకం ఒక్కటి చేతికిస్తే, ఆ ఇంట్లో ఒక్క మనిషి మాటా వినకుండా ఎవరు దగ్గరో, ఎవరు దూరమో, ఎవరికి ఎవరితో పడదో మన పెద్దవాళ్ళు చెప్పెయ్యరూ? ఇదీ అంతే. రాత్రి 11కి ఒక డాక్టరుకి, 11:10కి ఒక వకీలుకి, పొద్దున్నే 6కి ఒక విలేకరికి మెసేజ్ వెళ్ళిందంటే, లోపల ఏముందో చదవాల్సిన పని లేదు.

ఇది ఇలాగే ఉండాలని రాసిపెట్టి లేదు. సిగ్నల్ అని ఇంకో యాప్ ఉంది. వాట్సాప్ వాడే ఎన్‌క్రిప్షన్ పద్ధతిని తయారుచేసింది ఆ యాప్ వాళ్ళే. 2016లో అమెరికాలో ఒక కోర్టు వాళ్ళకు సమన్లు పంపి ఒక ఖాతా వివరాలు అడిగింది. వాళ్ళు ఇవ్వగలిగింది రెండే. ఖాతా ఎప్పుడు తెరిచారు, చివరిసారి సర్వరుతో ఎప్పుడు కలిశారు. అంతే, ఇంకేమీ దాచుకోలేదు కాబట్టి ఇవ్వడానికీ లేదు. ఒకే ఎన్‌క్రిప్షన్, రెండు కంపెనీలు. ఒకటి పుస్తకం రాసుకుంటుంది, ఇంకొకటి రాసుకోదు. ఆ తేడా గణితంలోంచి రాలేదు, వ్యాపారంలోంచి వచ్చింది.

సరే, ముందు ప్రభుత్వం వాదన చూద్దాం. న్యాయంగా చూద్దాం. మొదటి పంపకందారు ఎవరో ఊరికే అడగడానికి లేదు. కోర్టు ఆదేశమో, ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ప్రభుత్వ ఉత్తర్వో ఉండాలి. దేశ భద్రత, శాంతిభద్రతల వంటివో, అయిదేళ్ళకు తక్కువ కాని శిక్షపడే లైంగిక నేరాలో అయి ఉండాలి. వేరే సులువైన దారి ఉంటే ఇది వాడకూడదు. మెసేజ్‌లో ఏముందో చెప్పమని అడగం, ఎవరు పంపారో చెప్పండి చాలు అంటారు. ఈ షరతులు చెడ్డవేం కావు. చిక్కల్లా ఏమిటంటే, ఈ షరతులు అడిగే రోజున వర్తిస్తాయి. దాచే రోజున వర్తించవు. ఆర్నెల్ల తర్వాత ఏ మెసేజ్ గురించి అడుగుతారో ఇవాళ ఎవరికైనా తెలుసా? తెలీదు. కాబట్టి అన్నింటికీ జాడ రాసిపెట్టాలి. అప్పట్లో ప్రభుత్వం చెప్పిన లెక్కే దేశంలో 53 కోట్ల మంది వాట్సాప్ వాడతారని. ఒక నేరస్థుడి కోసం 53 కోట్ల మంది "తిన్నావా"లకు, "బయల్దేరా"లకు రికార్డు ఉండాలన్నమాట.

ఎలా రాసిపెడతారు? ప్రభుత్వం వైపు నుంచి హ్యాష్ అనే పద్ధతి ఒకటి చెప్పారు. మెసేజ్‌ను ఒక లెక్కలో వేస్తే దానికో ముద్ర వస్తుంది. ఎస్‌హెచ్‌ఏ-256 అనే లెక్కలో అయితే 64 అక్షరాల ముద్ర. ముద్ర నుంచి వెనక్కి మెసేజ్ రాదు కాబట్టి ప్రైవసీ పోదు అన్నారు. మొదటి ఇబ్బంది: ఒక్క అక్షరం మారితే ముద్ర మొత్తం మారిపోతుంది. చివర ఒక చుక్క పెడితే చాలు, అది కొత్త మెసేజ్. వీడియో సైజు తగ్గిస్తే కొత్త వీడియో. అంటే తెలివైన దొంగ తప్పించుకుంటాడు. రెండో ఇబ్బంది ఇంతకంటే పెద్దది. ముద్రల పట్టిక చేతిలో ఉన్నవాడు "రేపు కలెక్టరేట్ దగ్గర ధర్నాకు రండి" అన్న వాక్యాన్ని తనే టైపు చేసి, దాని ముద్ర తీసి, పట్టికలో వెతికితే, ఆ వాక్యం పంపినవాళ్ళందరూ వరసగా బయటికొస్తారు. దొంగ దొరకడు, ధర్నావాళ్ళు దొరుకుతారు.

ఇంకో పద్ధతి 2019లో మద్రాసు హైకోర్టులో వచ్చింది. సోషల్ మీడియా ఖాతాలకు ఆధార్ కలపాలని మొదలైన కేసు అది, నడిచీ నడిచీ మెసేజ్ జాడ దగ్గర తేలింది. ఐఐటీ మద్రాసు ప్రొఫెసర్ కామకోటి గారు, మొదట పంపినవాళ్ళ గుర్తింపును మెసేజ్‌కే తగిలించి పంపొచ్చు అన్నారు. అందరికీ కనపడేలా పంపొచ్చు, లేదా గజిబిజి చేసి పంపి, కోర్టు అడిగినప్పుడు వాట్సాప్ విప్పి చూపొచ్చు. ఐఐటీ బొంబాయి ప్రొఫెసర్ మనోజ్ ప్రభాకరన్ గారు దానికి జవాబు రాశారు. యాప్‌ను మార్చి వాడేవాడు ఆ గుర్తింపు స్థానంలో మీ నంబరు పెట్టగలడు, అప్పుడు సాక్ష్యం మీ మీదికి వస్తుంది అని. ఇద్దరు పెద్ద నిపుణులు, ఇద్దరికీ గణితం తెలుసు. నాకు ప్రభాకరన్ గారి మాటే సబబుగా కనిపిస్తుంది, ఎందుకంటే మార్చిన యాప్‌లు మన ఫోన్లలో ఇప్పటికే ఎన్ని తిరుగుతున్నాయో మీకు తెలుసు.

ఆ రూలు చివర ఒక చిన్న వాక్యం ఉంది, అది చదివారా ఎవరైనా? మెసేజ్ విదేశంలో పుడితే, మన దేశంలో దాన్ని మొదట పంపినవాళ్ళనే మొదటి పంపకందారుగా లెక్కిస్తారు. అంటే డాలస్ నుంచి బావగారు ఒక వీడియో పంపారనుకోండి. మీరు తెనాలిలో కూర్చుని, నిజమో కాదో తెలీక, "ఇది చూశారా" అని ఫ్యామిలీ గ్రూపులో వేశారు. చట్టం దృష్టిలో దానికి మూలం మీరే. నవ్వుతున్నారు గానీ, మన రెండు రాష్ట్రాల్లో అమెరికా చుట్టం లేని గ్రూపు ఎంత అరుదో ఆలోచించండి.

"మరి పుకార్ల సంగతేమిటండీ?" అని ఇక్కడ ముందు వరుసలో ఒక అమ్మ అడుగుతున్నారు. అడగాల్సిన ప్రశ్నే. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని మెసేజ్‌లు వచ్చాయి. మహారాష్ట్ర ధూళే జిల్లాలో జూలై 1న అయిదుగురిని కొట్టి చంపారు. తెలుగు జిల్లాల్లోనూ అవే మెసేజ్‌లు తిరిగాయి. అప్పుడు రెండు పనులు జరిగాయి. కంపెనీ ఆ జూలైలో మన దేశంలో ఫార్వర్డ్‌ను ఒకసారికి అయిదు చాట్‌లకు కుదించింది. 2019 జనవరిలో ప్రపంచమంతా అలాగే చేసింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే అయిదు చేతులు మారిన మెసేజ్‌ను ఒక్క చాట్‌కే పంపగలిగేలా చేసింది. అలాంటి మెసేజ్‌లు 70 శాతం తగ్గాయని కంపెనీ చెప్పుకుంది. ఎన్ని చేతులు మారిందో లెక్కపెట్టే అంకె మెసేజ్‌తోపాటే గజిబిజిలో వెళ్తుంది, కంపెనీకి కనపడదు. ఎన్‌క్రిప్షన్ విప్పకుండానే పని జరిగింది.

రెండో పని మన దగ్గరే జరిగింది. జోగులాంబ గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు కానిస్టేబుళ్ళను ఊళ్ళకు పంపారు. గ్రామానికొక పోలీసు, అక్కడి జనానికి తెలిసిన మనిషి. డప్పు వేయించారు, పాటలు కట్టించారు, ఇది అబద్ధం అని నోటితో చెప్పించారు. జాడ తీసే యంత్రం ఏదీ అక్కర్లేకపోయింది. అయితే ఒకటి. ఫార్వర్డ్ అయిదా ఒకటా అన్న నిర్ణయం ఎవరు తీసుకున్నారు? ఒక కంపెనీ. మంచి నిర్ణయమే. కానీ కోట్ల మంది మాట ఎంత దూరం వెళ్ళాలో కాలిఫోర్నియాలో ఒక సెట్టింగు మార్చి తేల్చేశారు. రేపు చెడ్డ నిర్ణయం తీసుకుంటే ఎవరిని అడుగుతాం?

ఇక కంపెనీ సంగతికి వద్దాం. 2024 ఏప్రిల్‌లో ఢిల్లీ హైకోర్టులో వాట్సాప్ వకీలు, ఎన్‌క్రిప్షన్ విప్పమంటే మేం ఈ దేశంలో ఉండం అన్నంత మాట అన్నారు. 2019లో పెగాసస్ నిఘా సాఫ్ట్‌వేర్‌ను సుమారు 1,400 ఫోన్లలోకి పంపిన ఎన్‌ఎస్‌వో కంపెనీ మీద అమెరికాలో దావా వేసి గెలిచింది కూడా వాట్సాపే. ఇవి ఉత్త మాటలు కావు, డబ్బు పెట్టి కొట్లాడారు. ఆ మేరకు మెచ్చుకోవాలి.

కానీ అదే కంపెనీ ఇంకో వైపు చూడండి. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. రెండింటి ఖాతాల్ని నమ్మకంగా జతచేసే వీలు లేదని యూరప్ అధికారులకు చెప్పింది. 2016లో జతచేసింది. 2017లో యూరోపియన్ కమిషన్, మీరు చెప్పింది తప్పుదోవ పట్టించేది అని 11 కోట్ల యూరోల జరిమానా వేసింది. 2016లో మార్పు వచ్చినప్పుడు కనీసం, ఫేస్‌బుక్‌తో పంచుకోవద్దు అని చెప్పడానికి 30 రోజులు గడువిచ్చారు. 2021లో అదీ లేదు. ఒప్పుకో, లేదా యాప్ వదిలెయ్. మీలో ఎంతమంది ఒప్పుకున్నారు? అందరూ. వదిలేస్తే స్కూలు గ్రూపు పోతుంది, అపార్ట్‌మెంట్ గ్రూపు పోతుంది, పాలవాడి లెక్క పోతుంది. దీన్ని ఒప్పుకోవడం అంటారా?

పెద్ద కంపెనీల పెత్తనం మీద కన్నేసి ఉంచే మన కాంపిటీషన్ కమిషన్ కూడా అదే అడిగింది. 2024 నవంబరు 18న మెటాకు, అంటే పేరు మార్చుకున్న ఫేస్‌బుక్ కంపెనీకి, 213.14 కోట్ల రూపాయల జరిమానా వేసింది, ప్రకటనల కోసం అయిదేళ్ళు డేటా పంచుకోవద్దంది. కంపెనీ అప్పీలుకు వెళ్ళింది. 2025 నవంబరులో ట్రిబ్యునల్ జరిమానాను ఉంచి, అయిదేళ్ళ నిషేధాన్ని తీసేసింది. మెటాకు 213 కోట్లంటే లెక్కలోది కాదు, దెబ్బ తగిలేది ఆ నిషేధంతోనే. అదే పోయింది.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టండి. మెసేజ్ లోపలి మాట కోసం కంపెనీ ప్రభుత్వంతో కొట్లాడుతుంది. మెసేజ్ చుట్టూ ఉన్న సమాచారం కోసం మనతో కొట్లాడుతుంది. లోపలి మాట వాళ్ళ వ్యాపారానికి అక్కర్లేదు, చుట్టూ ఉన్నది కావాలి. కాబట్టి "వాట్సాప్ మన పక్షమా" అని ఎవరైనా అడిగితే, "ఏ పొర గురించి అడుగుతున్నారు" అని తిరిగి అడగండి.

ప్రభుత్వాన్నీ అలాగే అడగాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి 30న మన మిత్ర మొదలైంది. తొలి విడతలో 161 ప్రభుత్వ సేవలు వాట్సాప్‌లోనే. ఆఫీసు చుట్టూ తిరిగే పని తగ్గింది, అది నిజంగా మేలు. కానీ గమనించారా, ఢిల్లీలో ఒక ప్రభుత్వం ఈ కంపెనీతో కోర్టులో ఉంది, అమరావతిలో ఇంకో ప్రభుత్వం పౌరుడికీ తనకూ మధ్య ఈ కంపెనీనే కూర్చోబెట్టింది. సంస్థలతో చేసే చాట్ మనుషుల చాట్ లాంటిది కాదు. అవతలి సంస్థ ఆ మెసేజ్‌లు నిల్వచేసే పని మెటాకే అప్పజెప్పి ఉండొచ్చు. చాట్ పైన పేరు నొక్కితే ఆ సంగతి రాసి ఉంటుంది. సంస్థ ఏదైనా, ఆధార్ కాపీ పంపే ముందు అది చదవండి.

ఇప్పుడు చేతిలో ఉన్న ఫోను. ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా, స్క్రీన్ తెరిచి ఇంకొకరి చేతికిస్తే అక్కడితో సరి. 2021 అక్టోబరులో హైదరాబాద్‌లో పోలీసులు రోడ్డు మీద కుర్రాళ్ళను ఆపి, గంజాయి మాట ఉందేమోనని చాట్‌లు వెతికిన వీడియో అందరూ చూశారు. ఫోను కావాలంటే, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ చట్టం 94వ సెక్షన్ కింద రాతపూర్వక ఆదేశం ఇవ్వొచ్చు. సోదా చేసి స్వాధీనం చేసుకుంటే 105వ సెక్షన్ ప్రకారం వీడియో తియ్యాలి. కాబట్టి గొడవపడకుండా, మర్యాదగా, "ఏ కేసులోనండీ, ఆదేశం కాగితం ఇస్తారా" అని అడగండి.

బ్యాకప్ సంగతి చాలామందికి తెలీదు. చాట్ గూగుల్ డ్రైవ్‌లోకో ఐక్లౌడ్‌లోకో వెళ్ళినప్పుడు, మీరు విడిగా ఆన్ చేస్తే తప్ప ఎండ్-టు-ఎండ్ రక్షణ ఉండదు. సెట్టింగ్స్‌లో చాట్స్, అందులో చాట్ బ్యాకప్, అందులో ఎండ్-టు-ఎండ్ ఎన్‌క్రిప్టెడ్ బ్యాకప్. పాస్‌వర్డ్ పెట్టుకోవచ్చు, లేదా 64 అంకెల కీ ఇస్తుంది, కాగితం మీద రాసుకోండి. పోగొట్టుకుంటే వాట్సాప్ కూడా తెరవలేదు. ఇంకో చిక్కుంది. మీరు ఆన్ చేసి, అవతలివాళ్ళు చెయ్యకపోతే, మీ మాటలు వాళ్ళ బ్యాకప్‌లో బట్టబయలుగా ఉంటాయి. అందుకని ఇంట్లో అందరి ఫోన్లలో ఒకేసారి చెయ్యండి. లింక్డ్ డివైసెస్ కూడా తెరిచి చూడండి. మీ ఫోను ఒక్క నిమిషం చేతికి దొరికినవాడు తన కంప్యూటరుకు కలుపుకుని ఉంటే అక్కడ కనపడుతుంది.

ఖాతా ఆగిపోతే ఏం చెయ్యాలి? మన దేశంలో వాట్సాప్ నెలనెలా లక్షల ఖాతాలు మూసేస్తుంది. లోపల ఏముందో చదివి కాదు, ప్రవర్తన చూసి. మీ నంబరు సేవ్ చేసుకోనివాళ్ళకు వరసగా పంపడం, చాలామంది బ్లాక్ చెయ్యడం, జీబీ వాట్సాప్ లాంటి మార్చిన యాప్ వాడటం. ఎవరైనా రిపోర్ట్ కొడితే మాత్రం ఆ చాట్‌లోంచి చివరి అయిదు మెసేజ్‌లు కంపెనీకి వెళ్తాయి, మీకు చెప్పరు. యాప్‌లోనే రివ్యూ అడగండి. పని కాకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసరుకు రాయండి. 24 గంటల్లో అందినట్టు చెప్పాలి, 7 రోజుల్లో తేల్చాలి. ఆ జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లో అప్పీలు చెయ్యొచ్చు. 2023లో పెట్టారు ఈ కమిటీల్ని. వీటిలో సభ్యుల్ని వేసేది కేంద్ర ప్రభుత్వమే. అంటే కంపెనీ నోరు మూయిస్తే ప్రభుత్వం దగ్గరికి వెళ్ళాలి. ఇది నాకు మింగుడుపడదు, కానీ కోర్టు ఖర్చు లేకుండా ఉన్న దారి ఇదొక్కటే, కాబట్టి వాడండి. స్క్రీన్‌షాట్లు, తేదీలు ముందే దాచుకోండి. ఖాతా పోయాక తీసుకోవడానికి ఏమీ ఉండదు.

ఎవరో చీటీ పంపారు. "గ్రూపులో ఎవరో ఏదో పెడితే అడ్మిన్‌ను జైల్లో పెడతారా?" ఆన్‌లైన్లో అభ్యంతరకరమైన మాట పెడితే జైలన్న ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో కొట్టేసింది, ఆ పేరుతో ఎవరైనా బెదిరిస్తే ఆ తేదీ చెప్పండి. ఇక అడ్మిన్ సంగతి. సభ్యుడు పెట్టినదానికి కేవలం అడ్మిన్ అయినందుకు బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగ్‌పూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. సభ్యుడితో కుమ్మక్కైతే అది వేరే సంగతి. ఆ తీర్పులు మన హైకోర్టులను కట్టెయ్యవు గానీ, వాదనకు పనికొస్తాయి. పోస్టు అల్లర్లకు దారితీసేలా ఉంటే అడ్మిన్ చేతిలో "అందరికీ తొలగించు" ఉంది, వాడండి. తీసేసే ముందు ఎవరు పెట్టారో, ఎన్నింటికి పెట్టారో కనపడేలా స్క్రీన్‌షాట్ తీసుకోండి.